ముప్పై అయిదో కార్డు

జనగామ,
10 ఫిబ్రవరి 2025, సోమవారం.

భూపాలపల్లి దవాఖానలో స్టాఫ్ నర్సు, మానుకోట మిర్చి యార్డు ఫుట్‌బాల్ టీం కీపర్ నరేందర్ గారి ధర్మపత్ని, నాకున్న ఒకే ఒక్క అక్క పద్మలత గారి సముఖానికి, తమ్ముడు శ్రావణ్ తల వంచి, చేతులు కట్టుకుని, నిలబడే రాసుకుంటున్నది.

ముందుగా క్షమాపణలు. ఈ ఉత్తరం పొడుగైనందుకు క్షమించు. నా రాత కోడి గీరినట్టు ఉన్నందుకు క్షమించు. నిన్న కాజీపేట దాటాక మానుకోట ప్యాసింజర్ గంటన్నర నిలబడిపోయింది, దానికి బాధ్యుణ్ణి నేనే. ఈసారి మిర్చిలో తాలు ఎక్కువ రావడానికీ, నీకు వరసగా నాలుగు నైట్ డ్యూటీలు పడడానికీ, మన అవ్వకు మోకాళ్ల నొప్పులు రావడానికీ మూలకారకుణ్ణి నేనే. వీటిలో నేను చేసింది ఒక్కటీ లేదని నీకు తెలుసు. అయినా పెద్దమనసుతో అన్నీ నా నెత్తిన వేసుకుంటున్నాను.

ఫోన్‌లో చెప్పొచ్చు కదా అని అవ్వ అడుగుతోంది. మొన్న ఫోన్ చేస్తే నువ్వేమన్నావు? "తమ్మీ, ఫోన్ల నువ్వు నవ్విస్తవు. నాకు నవ్వే ఓపిక లేదు. రాయి, కూసోని చదువుకుంట." అందుకని రాస్తున్నాను. పైగా సోమయ్య తాత చట్టం ఒకటి ఉంది కదా.

నీకు మళ్లీ గుర్తు చేస్తాను. మానుకోట గ్రౌండు పక్కన చాయ్ హోటల్ పెట్టుకున్న ఈ రిటైర్డ్ పోస్ట్‌మ్యాన్, 'వారం బెస్ట్ గోల్' ఓటింగ్ వాట్సాప్‌లో పెట్టిన రోజు ఒక్కడే పదకొండు నంబర్లతో ఓటేయడం చూసి మండిపడ్డాడు. అప్పటి నుంచి పోస్టుకార్డు ఉంటేనే ఓటు. సొంత చేతిరాత, కింద పేరు, ఎందుకు నచ్చిందో రెండు ముక్కలు. గోల్ కళ్లారా చూసిన వాళ్లూ, చూసిన వాళ్ల ఉత్తరం చదివిన వాళ్లూ అర్హులు. ఊళ్లో లేని వాళ్ల కార్డు ఇంటి మనిషి తేవచ్చు. మరుసటి ఆదివారం మ్యాచ్‌కు ముందు తాత కార్డులన్నీ పైకి చదువుతాడు. గెలిచిన పేరు హోటల్ బోర్డు మీద వారం పాటు సుద్దముక్కతో ఉంటుంది. అసెంబ్లీకి కూడా ఇంత పకడ్బందీ లేదు.

ఇక నిన్నటి గోల్స్. మొదటిది మన జనగామ హర్షిత్‌ది, జఫర్‌గఢ్ మీద. కార్నర్ నుంచి కొట్టాడు. బంతి ఎవరినీ పలకరించకుండా గాల్లోనే వంపు తిరిగి నేరుగా లోపలికి పోయింది. "గాలి తోసింది" అన్నాను నేను. "గాలి నీ తలకాయల ఉన్నది" అన్నాడు శ్రీపాల్. మా జిరాక్స్ షాపులో నా పక్క మిషన్ వాడిదే కదా, రైలులో జనగామ దాకా ఇదే పాట.

రెండోది రెడ్యాది. నెల్లికుదురు దగ్గరి తండా నుంచి వస్తాడు. వారమంతా ట్రాక్టర్ తోలి ఆదివారం తనే ట్రాక్టర్ అవుతాడు. యార్డు టీం మీద, అంటే మన బావ మీద. సగం గ్రౌండులో బంతి అందుకుని ఇద్దరిని దాటాడు. బావ ముందుకు ఉరికాడు. కాళ్లు వెడల్పు చేసి, చేతులు చాపి, కాంటా మీది నుంచి జారే బస్తాను ఆపబోతున్నట్టు నిలబడ్డాడు. రెడ్యా ఒక్క క్షణం ఆగాడు. పిల్లి ముందుకు పాలగిన్నె జరిపినంత మెల్లగా బంతిని బావ రెండు కాళ్ల మధ్య నుంచి జరిపాడు. బావ తిరిగి చూసేసరికి అది వలలో పడి ఉంది. వెనక నుంచి ఎవడో "నరేందరన్నా, గేటు వేస్కోరాదే!" అని అరిచాడు. అందరూ నవ్వారు. బావా నవ్వాడు, కాకపోతే రెండు నిమిషాలు ఆలస్యంగా.

ఇంకోటి ఉంది కానీ లెక్కకు రాదు. చివరి నిమిషంలో మళ్లీ రెడ్యానే, ఇరవై అడుగుల నుంచి బలంగా కొట్టాడు. పై మూలకు పోతోంది. పొద్దంతా బస్తాలు తూచి తూచి వంగిపోయిన ముప్పై ఏడేళ్ల నడుము గాల్లోకి లేచి అడ్డంగా పడుకుంది. వేలి కొసలు తగిలి బంతి పైన కట్టిన వెదురుకు కొట్టుకుని బయట పడింది. ఎవరూ అరవలేదు. రెడ్యానే వచ్చి బావ చెయ్యి పట్టి లేపాడు. గోల్ కాలేదు కనుక ఓటు లేదు. యార్డు ఒకటి–సున్నా ఓడింది.

నా ఓటు రెడ్యాకు. బావ బావే, గోల్ గోలే. ఈసారి పోటీ గట్టిగా ఉంది, శ్రీపాల్ రెచ్చిపోతున్నాడు. నీ కార్డు శనివారం లోపు నాకు చేరాలి.

నీ కనుసన్నల్లో మెలిగే,
శ్రావణ్


భూపాలపల్లి,
12 ఫిబ్రవరి.

తమ్మీ,

నీ ఉత్తరం డ్యూటీ దిగి వచ్చి చెప్పులు విడవకుండనే చదివిన. వార్డు నిండ జ్వరాలు. పొద్దున మాట్లాడిన పేషెంటు పేరు పొద్దూకే వరకు మరిచిపోతున్న. మొన్న ఒక ముసలామె నా చెయ్యి పట్టుకుని "నువ్వే పండు బిడ్డా, నేను చూస్త వార్డు" అన్నది. నా మొఖం గట్ల ఉన్నది.

ఒక సంగతి. అవ్వకు చెప్పకు, ఆమె ఊరంత చెప్తది. మానుకోటల కల్యాణి అని ఒక సిస్టర్ ఉన్నది. ఆమె భర్త ఇక్కడ గనిల పని చేస్తడు, ఆమెకు భూపాలపల్లి కావాలె. నాకు మానుకోట కావాలె. ఇద్దరం ఒకరి జాగకు ఒకరం మారుతమని దరఖాస్తు పెట్టుకున్నం. మార్చి పదకొండు, మంగళవారం నాడు ఇద్దరం ఆఫీసుకు పోయి 'మాకు ఇష్టమే' అని సంతకం చేస్తే అయిపోతది. ఆ రోజు తప్పితే మళ్ల ఎప్పుడో ఎవరికీ తెల్వదు. నాలుగేండ్లాయె శ్రావణ్, గురువారం సెలవు నాడు ఆయన బస్సు దిగుడు, శుక్రవారం పొద్దున బస్సెక్కుడు. గిదే మా సంసారం. ఖాయమైనంకనే మీ బావకు చెప్దామనుకుంటున్న. ఆశ పెట్టి అడియాస చెయ్యొద్దని.

కార్డు ఇందులనే పెట్టిన. నువ్వు చదవకు. సోమయ్య తాత అందరి ముందట చదువుతడు గదా, మీ బావ అప్పుడే వినాలె. నోటితోని చెప్పరానిది కొంత ఉంటది. తొమ్మిదేండ్లల ఆయనకు నేను రాసిన మొదటి ఉత్తరం అనుకో.

నిద్ర ముంచుకొస్తంది. ఆపుతున్న.

పద్మ


జనగామ,
17 ఫిబ్రవరి, సోమవారం.

ప్రజాస్వామ్య పరిరక్షకురాలైన అక్కకు,

నిన్నటి కౌంటింగ్ విశేషాలు. మొత్తం కార్డులు ముప్పై అయిదు. తాత కళ్లద్దాలు తుడుచుకుని, గొంతు సవరించుకుని, ఒక్కోటీ తపాలా బట్వాడా చేసినంత శ్రద్ధగా చదివాడు. ముప్పై నాలుగు అయ్యేసరికి హర్షిత్ పదిహేడు, రెడ్యా పదిహేడు. హోటల్లో చాయ్ మరుగుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. ముప్పై అయిదోది రెడ్యాకు పడింది. శ్రీపాల్ గ్లాసు బల్ల మీద బోర్లించి "ఇది ఎలక్షన్ కాదు, కుట్ర" అని లేచిపోయాడు. రైలులో నాతో మాట్లాడలేదు. నా జీవితంలో అంత ప్రశాంతమైన ప్రయాణం లేదు.

నీ కార్డు క్షేమంగా చేరింది. నేను చదవలేదు, ఒట్టు.

బావ చాయ్ సగంలో వదిలి లేచాడు. ఎండ కావచ్చు. ఆ తర్వాత మ్యాచ్‌లో ఒక్క గోల్ కూడా తినలేదు, కానీ ఎవరితోనూ మాట్లాడలేదు. నేను "బావా, శభాష్" అంటే నా వైపు చూడకుండా గ్లవ్స్ దులుపుకున్నాడు. కీపర్లు మౌనమునులు.

బదిలీ మాట నా కడుపులోనే ఉంది. అవ్వ నిన్న రెండుసార్లు నా మొహం చూసి "ఏందిరా దాస్తున్నవ్?" అంది. ఆకలి అని చెప్పాను.

నీ విధేయుడు,
శ్రావణ్


భూపాలపల్లి,
20 ఫిబ్రవరి, గురువారం.

శ్రావణ్,

ఆదివారం నుంచి మీ బావ ఫోన్ ఎత్తుతలేడు. సోమవారం ఒక్కసారి ఎత్తిండు. "యార్డుల పనున్నది" అన్నడు, పెట్టేసిండు. ఈ రోజు సెలవు, రాలే. చింతచిగురు దొరికితే పప్పు వండి పెట్టిన. మూడు బస్సులు పోయినయి. ఆఖరికి నేనే తిన్న, సగం.

నా కార్డు విన్నంక గిట్ల చేస్తడని అనుకోలే. తాత చదువుతాంటే ఏమన్నడు? ఎవరన్న నవ్విండ్రా? నవ్వితే ఆయనకు నామోషీ అయిందా? జోకులు వద్దు. నిజం రాయి.

పద్మ


జనగామ,
22 ఫిబ్రవరి.

అక్కా,

జోకులు లేకుండా రాయమన్నావు. చేపను ఈదకుండా రమ్మన్నట్టుంది. అయినా ప్రయత్నిస్తాను.

కంగారు పడకు. యార్డుకు ఈ వారం మిర్చి విపరీతంగా వచ్చింది, బస్తాల మధ్య మనిషి కనబడడం లేదు. ఫోన్ మిర్చి కుప్పలో పడిపోయిందట, తీసి చెవిలో పెట్టుకుంటే చెవి మండుతోందట. ఇంకా, మొన్న దూకినప్పుడు రెండు మోకాళ్లూ పట్టేశాయి. బస్సులో మూడు గంటలు ముడుచుకుని కూర్చోలేక రాలేదు తప్ప వేరే ఏమీ లేదు. మగవాళ్లు నొప్పి అని చెప్పరు కదా, పని అని చెబుతారు.

కార్డు విన్నప్పుడు హోటల్లో కొంచెం నవ్వారు. మంచి నవ్వే.

శ్రావణ్


భూపాలపల్లి,
26 ఫిబ్రవరి.

తమ్మీ,

మోకాళ్లని ముందే చెప్తే ఏం పోయె? ఈ పార్సిల్‌ల రెండు మోకాలి పట్టీలు, నొప్పికి రాసుకునే మందు పెట్టిన. పట్టీలు రెండు కాళ్లకూ కట్టుకోవాలె, గ్రౌండుల నిలబడ్డప్పుడు తప్పకుండ. ఆదివారం నువ్వే చేతికియ్యి. 'అక్క పంపింది, కాళ్లు జాగ్రత్త అన్నది' అని చెప్పు. అంతే, ఎక్కువ మాట్లాడకు.

గీ గురువారం కూడ రాడు కావచ్చు. మోకాళ్లు నొయ్యంగ రావద్దు కూడ.

పద్మ


జనగామ,
3 మార్చి, సోమవారం.

అక్కా,

ఎవరో ఒకరు నీకు చెప్పకముందే నేను చెప్పడం మంచిది.

పట్టీలు ఇచ్చాను. నువ్వు చెప్పిన మాటే, ఒక్క అక్షరం కలపకుండా చెప్పాను. టీం మొత్తం బూట్లు కట్టుకుంటూ అక్కడే ఉంది. బావ కవరు విప్పి చూశాడు. ఒక పట్టీని ఇటు తిప్పి అటు తిప్పి చూశాడు. "కాళ్లు దగ్గర పెట్టుకొమ్మని పంపిందా మీ అక్క?" అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. పక్కన వాళ్ల టీం ఐలేశ్ కిసుక్కుమన్నాడు. బావ రెండు పట్టీలనూ మడిచి గోల్ స్తంభం మొదట్లో పెట్టి, మ్యాచ్ అయ్యాక అక్కడే వదిలి వెళ్లిపోయాడు. నేను తెచ్చి దాచాను.

వారం బెస్ట్ గోల్ గురించి రాయడానికి ఏమీ లేదు. గోల్స్ పడ్డాయి. సోమయ్య తాత నన్ను పక్కకు పిలిచి ఏదో అడగబోయి, "చాయ్ తాగినవా?" అని మాత్రం అడిగాడు. ముప్పై ఏళ్లు ఊరందరి ఉత్తరాలూ చూసిన మనిషి అలా చూస్తే చాయ్ దిగదు.

శ్రావణ్


భూపాలపల్లి,
6 మార్చి.

శ్రావణ్,

చదివిన. రెండుసార్లు చదివిన.

నా కార్డు మీద ఏం రాసిన్నో నీకు తెల్వదు. తాత చదివేటప్పుడు ఆ నవ్వుల నీకు సరిగ వినబడకపోయి ఉంటది, లేకుంటే 'మంచి నవ్వే' అని ఒక్క ముక్కతోని ఊకుందువా? ఇప్పుడు చెప్తున్న. గిది రాసిన:

'నా ఓటు పడని గోల్‌కు. ఆఖరి నిమిషంల నరేందర్ ఆపిన బంతికి. లెక్కకు రాదని తెలుసు. ఇంట్ల కూడ ఆయన ఆపినవి ఏవీ ఎవరి లెక్కకు రాలే. నేను లెక్క పెట్టుకున్న. — పద్మలత.'

మా అత్త చనిపోయిన ఏడు ఆయన ఒక్క దినం సెలవు పెట్టలే, దుఃఖం లోపట్నే ఆపుకున్నడు. నేను ఇంత దూరం నౌకరికి వచ్చిన్నాడు చుట్టాలు తలో మాట అంటాంటే నా దాక రానియ్యలే. ఎన్నడూ నేను బాగున్నదని అనలే, ఆయన అడగలే. నలుగురి ముందట అంటే సంతోషపడతడనుకున్న. సిగ్గుపడ్డట్టున్నది. పెండ్లాం మెచ్చుకునుడు గంత నామోషీ అయితే, నేను ఒక్కదాన్నే లెక్క పెట్టుకుంట కూసునుడు ఎందుకు?

మంగళవారం ఆఫీసుకు పోత గని, 'ఇష్టం లేదు' అని రాసిస్త. ఫోన్ ఎత్తని మనిషి ఉన్న ఊరికి సామాను మోసుకొని పోయి ఏం చెయ్యాలె? కల్యాణికి చెప్పాలె. పాపం, ఆమె ఇక్కడ ఇల్లు సుత చూసుకున్నదట.

నువ్వు బాధపడకు. నీ తప్పు ఏమున్నది. నీ ఉత్తరాలే గిన్ని దినాలు జర నవ్వించినయి.

అలసిపోయిన తమ్మీ. ఇగ కార్డులు అడగకు.

పద్మ


మానుకోట,
9 మార్చి, ఆదివారం సాయంత్రం.

అక్కా,

ఈ ఉత్తరం పోస్టులో వేయడం లేదు. మంగళవారం లోపు చేరదు. రేపు పొద్దున మొదటి బస్సుకు బావ భూపాలపల్లి వస్తున్నాడు. ఆయన చొక్కా జేబులో వస్తుంది. అతికించి ఇస్తున్నాను. ఆయన చదవడు, చదివినా తెలియంది ఇందులో ఏమీ లేదు.

ఇవాళ మ్యాచ్‌కు ముందు బావను వల వెనక్కు పిలిచి ఒక పోస్టుకార్డు చేతిలో పెట్టాను. "మళ్ల ఏందిర?" అన్నాడు. చదివాడు. కార్డు మీద ఉన్నవి నాలుగు ముక్కలే, కానీ చాలా సేపు చదివాడు. అప్పుడు రెఫరీ విజిల్ వేశాడు. కార్డు మడిచి గ్లవ్ లోపల పెట్టుకుని పోయి నిలబడ్డాడు.

నాలుగు గోల్స్ తిన్నాడు. ఒకటైతే ఆయన పక్క నుంచే దొర్లుకుంటూ పోయింది, కోడిపిల్ల పోయినట్టు. దూకలేదు, ఉరకలేదు, ఏదో దూరంగా చూస్తూ నిలబడ్డాడు. యార్డు వాళ్లు తిట్టారు. ఐలేశ్ "అన్నా, నిద్రపోయినవా?" అని వచ్చి భుజం ఊపాడు. ఇప్పుడు హోటల్లో ఆ నాలుగింటిలో ఏది బెస్టో కొట్లాట జరుగుతోంది. శ్రీపాల్ మూడోది అంటున్నాడు. నాకు ఏదీ గుర్తు లేదు.

మ్యాచ్ అయ్యాక నా దగ్గరికి వచ్చాడు. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండేది. "బామ్మర్దీ, భూపాలపల్లి బస్సు పొద్దున ఎన్నింటికి?" అన్నాడు. నాలుగేళ్లుగా ప్రతి గురువారం ఎక్కిన బస్సుకు టైం నన్ను అడిగాడు. చెప్పాను.

ఏ కార్డు అని నువ్వు అడుగుతావు. మొదటి ఉత్తరం నుంచీ నేను నీకు చాలా క్షమాపణలు చెప్పాను, రైలుకూ, తాలుకూ, అన్నిటికీ. ఇప్పుడు అట్ల రాయొస్తలేదక్కా.

నువ్వు చదవకన్నవు. శనివారం షాపుల కూసోని చదివిన. చదివి ఏమనుకున్ననో తెలుసా? 'అరె, ఓటు ఖరాబైతది' అనుకున్న. గోల్ కానిదానికి ఓటేస్తే తాత పక్కకు పడేస్తడు. శ్రీపాల్ గాడు ముందటి రోజే లెక్కలు చెప్తున్నడు, ఒక్క ఓటుతోటి పోతదని. గంతే నా తలకాయల ఉన్నది. గా నాలుగు ముక్కలు ఎవరు ఎవరికి రాసిండ్రో కనబడలే.

నీ పాత ఉత్తరం ముందట పెట్టుకొని, నీ రాత చూసుకుంట కొత్త కార్డు రాసిన. రెడ్యా పేరు ఒక్కటి రాస్తే అయిపోయేది. నేను ఊకుంటనా? కింద ఒక ముక్క గెలికిన. 'మా ఇంటాయన కాళ్ల సందుల నుంచి బంతేంది, కాజీపేట ప్యాసింజర్ కూడ పోతది' అని. నీ పేరు పెట్టిన. తాత జర ఆగి చదివిండు. హోటల్ హోటలంత నవ్విండ్రు. అందరికంటె గట్టిగ నేను నవ్విన. బావ ఒక్కడే బోర్డు దిక్కు చూసుకుంట కూసున్నడు.

మోకాళ్లు నొయ్యలే. ఫోన్ మిర్చిల పడలే. నీ కార్డు చించబుద్ధి గాక షాపుల దాసిన, ఇయ్యాల బావకు నిజం చెప్పి ఇచ్చింది గదే, గంతే నాకు మిగిలిన బుద్ధి. మంగళవారం నువ్వు ఏం రాసిచ్చినా నేను అడగ. గాని తెలిసి రాయి.

గా ముప్పై అయిదో కార్డు నేను రాసిన.

శ్రావణ్